ప్లాస్మా ఫిజిక్స్ క్లాసులో కూర్చునే ముందు: ఏం చదవాలి, ఏది వదిలేయాలి

ఎమ్మెస్సీలో ప్లాస్మా ఫిజిక్స్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్ళకీ, తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళకీ, బీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉండి ఐఐటీ వైపో ఐసర్ వైపో చూస్తున్నవాళ్ళకీ ఇది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివినవాళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నా. మన దగ్గర ఏ చాప్టర్ గట్టిగా చెప్తారో, ఏ చాప్టర్ పరీక్ష ముందురోజు రాత్రి తిరగేసి వదిలేస్తామో అందరికీ తెలిసిందే కదా.

ప్లాస్మా అంటే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివిడిగా తిరిగే వాయువు. ఈ సబ్జెక్టులో కొత్త సూత్రాలంటూ దాదాపు ఏమీ ఉండవు. న్యూటన్, మాక్స్‌వెల్, బోల్ట్‌జ్‌మన్ ముగ్గురూ చాలు. మరి జనం ఎందుకు భయపడతారంటే, ఇన్నాళ్ళూ సెమిస్టర్‌కొకటి చొప్పున విడివిడిగా చదివి, రాసి, మర్చిపోయిన సబ్జెక్టులన్నీ ఇక్కడ ఒకే లెక్కలో, ఒక్కోసారి ఒకే లైన్లో కలిసి వస్తాయి. చార్జి కదిలితే క్షేత్రం మారుతుంది, క్షేత్రం మారితే చార్జి మళ్ళీ కదులుతుంది, ఆ చక్రం మొత్తాన్ని ఒకేసారి పట్టుకోవాలి. కాబట్టి ప్రిపరేషన్ అంటే పాత సబ్జెక్టుల్లో కొన్ని ముక్కల్ని, పుస్తకం మూసేసి చేత్తో రాయగలిగేంత వరకు మళ్ళీ సాధన చెయ్యడమే. రోజుకు రెండు గంటలు కూర్చోగలిగితే రెండు నెలలు సరిపోతుంది, మధ్యలో పెళ్ళిళ్ళూ పండగలూ వచ్చినా సరే.

క్వాంటమ్ మెకానిక్స్ రాదని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. మొదటి కోర్సుకు అది దాదాపు అక్కర్లేదు. న్యూక్లియర్ ఫిజిక్స్ కూడా అంతే, ఫ్యూజన్ గురించి మాట్లాడేటప్పుడు డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే శక్తి వస్తుందని తెలిస్తే చాలు. సాలిడ్ స్టేట్, ఎలక్ట్రానిక్స్ పక్కన పెట్టేయండి.

ముందు మీ స్థాయి చూసుకోండి

ఒక తెల్ల కాగితం తీసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, ఈ ఐదూ రాసి చూడండి. ఏకరీతి అయస్కాంత క్షేత్రానికి లంబంగా వెళ్ళే ఎలక్ట్రాన్ ఎంత వ్యాసార్థంతో తిరుగుతుంది? విద్యుత్ క్షేత్రం కర్ల్‌కు మళ్ళీ కర్ల్ తీసుకుంటే ఏమొస్తుంది, అందులోంచి తరంగ సమీకరణం ఎలా తెస్తారు? మాక్స్‌వెల్ వేగ వితరణ గీసి, ఉష్ణోగ్రత రెండింతలైతే ఆ గీత ఎలా మారుతుందో చూపించగలరా? డ్యాంపింగ్ ఉన్న ఆసిలేటర్ సమీకరణాన్ని కాంప్లెక్స్ ఎక్స్‌పొనెన్షియల్‌తో సాధించగలరా? ద్రవానికి కంటిన్యూటీ సమీకరణం రాసి, అందులో ప్రతి పదం ఏం చెప్తుందో తెలుగులో పక్కవాడికి వివరించగలరా?

మూడు చెయ్యగలిగితే మీరు బాగానే ఉన్నట్టు. ఒక్కటీ రాకపోయినా కంగారు లేదు, కాకపోతే వేటికి ఎక్కువ టైమ్ ఇవ్వాలో తేలిపోయింది. ఆఖరి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. దాని సంగతి కిందకొచ్చాక చూద్దాం.

విద్యుదయస్కాంతత్వం: సగం టైమ్ దీనికే ఇవ్వండి

మొహమాటం లేకుండా చెప్పాలంటే, మన డిగ్రీ పేపర్లలో మాక్స్‌వెల్ సమీకరణాలంటే "వ్యుత్పాదించుము" అనే పది మార్కుల ప్రశ్న. నాలుగూ వరసగా రాస్తాం, మార్కులు పడతాయి, అయిపోతుంది. ప్లాస్మాలో ఆ నాలుగూ పనిముట్లు. ఏ పరిస్థితిలో ఏది తీసుకోవాలో, ఏ పదం చిన్నదని వదిలేయొచ్చో మీరే తేల్చుకోవాలి.

వెక్టర్ కాలిక్యులస్‌తో మొదలుపెట్టండి. గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ నిర్వచనాలు కాదు, వాడకం రావాలి. కర్ల్ ఆఫ్ కర్ల్ ఐడెంటిటీ, రెండు వెక్టర్ల క్రాస్ ప్రాడక్టుతో మూడో దాని క్రాస్ ప్రాడక్టు, గాస్ సిద్ధాంతం, స్టోక్స్ సిద్ధాంతం. ఈ నాలుగూ ఎంత అలవాటవ్వాలంటే, లెక్క మధ్యలో వస్తే పెన్ను ఆగకూడదు. తర్వాత గాస్ నియమం నుంచి పాయిసాన్ సమీకరణానికి రండి. ఒక డైమెన్షన్‌లో పాయిసాన్ సమీకరణాన్ని రకరకాల చార్జి సాంద్రతలకు సాధించండి: ఏకరీతి పలక, రెండు వ్యతిరేక పలకలు, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోయే చార్జి. ఇది ఎందుకు ఇంతగా నొక్కి చెప్తున్నానంటే, కోర్సు మొదటి వారంలో వచ్చే మూడు విషయాల్లో రెండు ఈ ఒక్క సమీకరణం మీదే నడుస్తాయి.

అందులో ఒకటి ఇప్పుడే చేసి చూడండి. పాజిటివ్ అయాన్లు కదలకుండా ఉన్నాయనుకోండి, వాటితో సమానంగా ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉన్నాయి. ఎలక్ట్రాన్ల పలక మొత్తాన్ని కొంచెం కుడివైపు జరపండి. ఎడమ అంచున పాజిటివ్ చార్జి మిగిలిపోతుంది, కుడి అంచున నెగటివ్ పోగవుతుంది, మధ్యలో కెపాసిటర్‌లో లాగా విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రం విలువ సాంద్రత, ఎలక్ట్రాన్ చార్జి, జరిపిన దూరం మూడింటి లబ్ధాన్ని ఎప్సిలాన్ నాట్‌తో భాగించినంత. దాన్ని న్యూటన్ రెండో నియమంలో పెడితే, త్వరణం దూరానికి అనులోమంగా, వ్యతిరేక దిశలో వచ్చేస్తుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో చదివిన సరళ హరాత్మక చలనమే ఇది. ఆ ఊగే వేగమే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ. ఘనపు మీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో ఆ సంఖ్య వర్గమూలాన్ని 9తో గుణిస్తే హెర్ట్జ్‌లలో విలువ దొరుకుతుంది. చాప్టర్ పేరు చూసి బెదిరిపోయేవాళ్ళకు ఈ అరపేజీ లెక్క చూపిస్తే చాలు.

డిస్‌ప్లేస్‌మెంట్ కరెంట్ ఎందుకు అవసరమో, శూన్యంలో తరంగ సమీకరణం ఎలా వస్తుందో, పాయింటింగ్ వెక్టర్ ఏం చెప్తుందో చూసుకోండి. వేవ్‌గైడ్లు, యాంటెన్నా రేడియేషన్, కదిలే చార్జి పొటెన్షియళ్ళు ఇప్పటికి వద్దు.

ఒక్క ఎలక్ట్రాన్‌ని పట్టుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, అందుకే కాస్త ఎక్కువ చెప్తా.

అయస్కాంత క్షేత్రం ఒక్కటే ఉంటే చార్జి వృత్తంలో తిరుగుతుంది, క్షేత్రం వెంట వేగం కూడా ఉంటే స్ప్రింగ్ ఆకారంలో ముందుకు పోతుంది. ఇది అందరికీ వచ్చు. ఇప్పుడు అయస్కాంత క్షేత్రానికి లంబంగా విద్యుత్ క్షేత్రం కూడా పెట్టండి. చార్జి విద్యుత్ క్షేత్రం వైపు వెళ్ళిపోతుందని మనసు చెప్తుంది. వెళ్ళదు. రెండు క్షేత్రాలకూ లంబంగా పక్కకు జరుగుతుంది. ఆ జరిగే వేగం విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగిస్తే వచ్చేదే. అందులో చార్జి లేదు, ద్రవ్యరాశి కూడా లేదు. అంటే ఎలక్ట్రాన్, అయాన్ రెండూ ఒకే వైపు, ఒకే వేగంతో జరుగుతాయి. దీన్ని ఇ క్రాస్ బి డ్రిఫ్ట్ అంటారు. సమీకరణంతో రాబట్టండి, తర్వాత బొమ్మ గీసి కారణం చూడండి: చార్జి విద్యుత్ క్షేత్రం తోసే వైపు పోతున్న సగం చుట్టులో వేగం పుంజుకుని పెద్ద వంపు తీసుకుంటుంది, తిరిగొచ్చే సగంలో నెమ్మదించి చిన్న వంపు తీసుకుంటుంది, ఆ తేడా వల్లే ప్రతి చుట్టుకీ కొంచెం పక్కకు జారుతుంది.

ఇది మన నెత్తిమీదే జరుగుతోంది. భూ అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో దాదాపు అడ్డంగా, ఉత్తరం వైపు ఉంటుంది, విలువ 40 మైక్రోటెస్లా దరిదాపు. పగటిపూట, వాతావరణం పైభాగాన ఉండే ప్లాస్మా పొర అయిన అయనోస్ఫియర్‌లో తూర్పు వైపుకు చిన్న విద్యుత్ క్షేత్రం ఉంటుంది, మీటరుకు అర మిల్లీవోల్టు అనుకోండి. కుడిచేతి నియమం పెట్టి చూడండి, తూర్పు క్రాస్ ఉత్తరం అంటే పైకి. భాగిస్తే సెకనుకు 12.5 మీటర్లు. అయస్కాంత భూమధ్యరేఖ మీద ప్లాస్మా ఇలా పైకి లేచి, తర్వాత క్షేత్ర రేఖల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ కిందికి జారి, రెండు వైపులా దాదాపు 15 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర పోగవుతుంది. ఫౌంటెన్ ఎఫెక్ట్ అంటారు. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొసన తమిళనాడు, కేరళ మీదుగా పోతుంది కాబట్టి, తిరుపతి ఆ ఫౌంటెన్‌కు కాస్త ఉత్తరంగా ఉన్నట్టు.

చేత్తో చేశాక కంప్యూటర్ మీద చెయ్యండి. పైథాన్‌లో ముప్పై నలభై లైన్లు చాలు, ల్యాప్‌టాప్ లేకపోతే గూగుల్ కొలాబ్ ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. అందరికీ ముందు తెలిసే ఆయిలర్ పద్ధతి వాడితే వృత్తం రాదు, బయటికి విప్పుకునే చుట్ట వస్తుంది. ఎందుకో లెక్కేయండి. గైరో ఫ్రీక్వెన్సీని, అంటే చార్జి వృత్తంలో తిరిగే కోణీయ వేగాన్ని, టైమ్ స్టెప్‌తో గుణిస్తే 0.1 వచ్చేలా పెట్టుకున్నారనుకోండి, ప్రతి అడుగుకీ వేగం వర్గం 1 శాతం పెరుగుతుంది. ఒక చుట్టుకు 63 అడుగులు, కాబట్టి చుట్టు పూర్తయ్యేసరికి శక్తి 1.87 రెట్లవుతుంది. అయస్కాంత బలం పని చెయ్యదని మనం చదువుకున్నాం, కంప్యూటర్ మాత్రం ఉచితంగా శక్తి పుట్టిస్తోంది. దీనికి మందు 1970లో బోరిస్ ప్రకటించిన పద్ధతి: విద్యుత్ క్షేత్రం తోపును సగం ముందు, సగం తర్వాత ఇచ్చి, మధ్యలో వేగాన్ని తిప్పడమే తప్ప పెంచకపోవడం. ఇవాళ్టికీ ప్లాస్మా సిమ్యులేషన్లలో అదే నడుస్తోంది. రెండు పద్ధతులూ రాసి, రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకోండి. ఆ ఒక్క బొమ్మ చూశాక న్యూమరికల్ మెథడ్స్ పేపర్ మీద గౌరవం పెరుగుతుంది.

క్షేత్రం ఒకవైపు బలంగా, ఇంకోవైపు బలహీనంగా ఉన్నప్పుడు వచ్చే డ్రిఫ్ట్, వంపు తిరిగిన రేఖల వల్ల వచ్చే డ్రిఫ్ట్, మ్యాగ్నెటిక్ మిర్రర్ ఇవన్నీ కోర్సులోనే చెప్తారు. ముందుగా చెయ్యాల్సిన పని లేదు.

మూడు సంఖ్యలు అలవాటు చేసుకోండి

క్లాసులో ఎవరు నిలబడతారో, ఎవరు మూడో వారానికి జారిపోతారో చెప్పమంటే నేను మార్కులు చూడను, ఎదురుగా ఉన్న ప్లాస్మాకు సంఖ్యలు వేసి చూసే అలవాటుందా లేదా అని చూస్తా. ప్లాస్మా ఫ్రీక్వెన్సీ పైన వచ్చేసింది. రెండోది డెబై పొడవు: ఉష్ణోగ్రతను ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకుని, ఘనపు మీటరు సాంద్రతతో భాగించి, వర్గమూలం తీసి, 7430తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. ప్లాస్మాలో ఒక చార్జిని పెడితే చుట్టూ ఉన్నవి దాన్ని కప్పేస్తాయి, ఆ కప్పు మందం ఇది. మూడోది గైరో వ్యాసార్థం, అంటే అయస్కాంత క్షేత్రంలో చార్జి తిరిగే వృత్తం వ్యాసార్థం.

అయనోస్ఫియర్ ఎఫ్ పొరకు చేద్దాం. సాంద్రత ఘనపు మీటరుకు 10¹² ఎలక్ట్రాన్లు, ఉష్ణోగ్రత 0.1 ఎలక్ట్రాన్ వోల్టు, అంటే సుమారు 1160 కెల్విన్. ప్లాస్మా ఫ్రీక్వెన్సీ 9 మెగాహెర్ట్జ్, డెబై పొడవు 2.3 మిల్లీమీటర్లు, ఆ వ్యాసార్థంతో గీసిన గోళంలో 50 వేల పైచిలుకు ఎలక్ట్రాన్లు. మన 40 మైక్రోటెస్లా క్షేత్రంలో ఎలక్ట్రాన్ గైరో వ్యాసార్థం సుమారు 2 సెంటీమీటర్లు, ఆక్సిజన్ అయాన్‌ది 3 మీటర్ల పైన. ఒకే ఆకాశంలో, ఒకే ఉష్ణోగ్రతలో ఒకటి చిటికెడు చుట్టు, ఇంకొకటి గది వెడల్పు చుట్టు తిరుగుతున్నాయన్నమాట. ఈ తేడాయే తర్వాత వంద చోట్ల పనికొస్తుంది.

మిగతావి మీరే వేసుకోండి, జవాబు సరిచూసుకోవడానికి ఇస్తున్నా. పాత ట్యూబ్‌లైట్: సాంద్రత 10¹⁷, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 1 ఎలక్ట్రాన్ వోల్టు, డెబై పొడవు 0.023 మిల్లీమీటర్లు. టోకమాక్ (ఫ్యూజన్ కోసం ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం): 10²⁰, 10 వేల ఎలక్ట్రాన్ వోల్టులు, 0.074 మిల్లీమీటర్లు, ప్లాస్మా ఫ్రీక్వెన్సీ 90 గిగాహెర్ట్జ్. సౌర పవనం: ఘనపు సెంటీమీటరుకు 5 కణాలు, 10 ఎలక్ట్రాన్ వోల్టులు, డెబై పొడవు 10 మీటర్లు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1 ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఈ గాలిలోనే ఉంది. ఉపగ్రహం కంటే డెబై పొడవే పెద్దదైతే దాని చుట్టూ ఏం జరుగుతుందో ఆలోచించండి.

ట్యూబ్‌లైట్ దగ్గర ఒక నిమిషం ఆగాలి. 1 ఎలక్ట్రాన్ వోల్టు అంటే 11,600 కెల్విన్. వెలుగుతున్న గొట్టాన్ని చేత్తో పట్టుకోగలం. ఎలక్ట్రాన్లు అంత వేడిగా ఉన్నా అవి చాలా కొద్ది, పైగా తేలికవి, ఢీకొన్నప్పుడు బరువైన అణువులకు శక్తిని సరిగ్గా ఇవ్వలేవు, కాబట్టి వాయువు దాదాపు చల్లగానే ఉండిపోతుంది. ఒకే చోట రెండు ఉష్ణోగ్రతలా అని మొదట్లో అందరూ అడుగుతారు. అవును, రెండే, అయస్కాంత క్షేత్రం ఉంటే ఇంకా ఎక్కువ కూడా.

స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో రెండు ముక్కలు

మాక్స్‌వెల్ వితరణ, బోల్ట్‌జ్‌మన్ ఫ్యాక్టర్. అంతే. ఎన్సెంబుల్స్, పార్టిషన్ ఫంక్షన్ ఇప్పుడు వద్దు. పొటెన్షియల్ ఉన్న చోట ఎలక్ట్రాన్ సాంద్రత ఎక్స్‌పొనెన్షియల్‌గా మారుతుందని రాసి, పొటెన్షియల్ చిన్నదనుకుని మొదటి పదం దాకా విస్తరించి, దాన్ని పాయిసాన్ సమీకరణంలో పెట్టండి. డెబై పొడవు దానంతటదే బయటికొస్తుంది. ఒక పేజీ.

మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనైజేషన్ సమీకరణం కూడా ఒకసారి చూడండి. గది ఉష్ణోగ్రతలో గాలికి అయనైజేషన్ ఎంతో అందులో వేస్తే సున్నా పక్కన ఎన్ని సున్నాలొస్తాయో చూసి నవ్వొస్తుంది.

ఫ్లూయిడ్స్: మన సిలబస్‌లో ఉన్న కన్నం

స్థాయి పరీక్షలో ఆఖరి ప్రశ్న గుర్తుందా? బెర్నూలీ సూత్రం, స్నిగ్ధత, స్టోక్స్ నియమం, వీటితో మన ఫ్లూయిడ్స్ చదువు ఆగిపోతుంది. ప్లాస్మాలో కోర్సు సగం ఫ్లూయిడ్ సమీకరణాల మీద నడుస్తుంది. కంటిన్యూటీ, మొమెంటం, పీడనానికి ఒక సంబంధం, ఈ మూడూ రావాలి.

ఇబ్బంది పెట్టేది కన్వెక్టివ్ డెరివేటివ్ ఒక్కటే. అలిపిరిలో మధ్యాహ్నం బస్సెక్కి తిరుమలకు వెళ్తున్నారనుకోండి. అలిపిరిలో ఉష్ణోగ్రత మారట్లేదు, ఘాట్ రోడ్డు మధ్యలో మారట్లేదు, కొండపైనా మారట్లేదు, ప్రతి చోటా ఎంతుందో అంతే ఉంది. అయినా కిటికీ పక్కన కూర్చున్న మీకు నిమిషనిమిషానికీ చల్లబడుతోంది. మీకు తెలిసే ఆ మార్పు రేటు మీ వేగం, దారి పొడవునా ఉష్ణోగ్రత తగ్గే తీరు, ఈ రెండింటి లబ్ధం. కదిలే ద్రవపు ముక్కకూ ఇదే సంగతి. ఒకే చోట కాలంతో వచ్చే మార్పుకు ఈ లబ్ధాన్ని కలిపితే కన్వెక్టివ్ డెరివేటివ్. దీన్ని వేగానికే వాడినప్పుడు సమీకరణం నాన్‌లీనియర్ అవుతుంది, అసలు కష్టాలన్నీ అక్కడినుంచే.

నీటికి ఈ సమీకరణాలు వచ్చాక, మొమెంటం సమీకరణంలో లారెంజ్ బలం చేర్చి, ఎలక్ట్రాన్లకొకటి అయాన్లకొకటి రాస్తే టూ ఫ్లూయిడ్ మోడల్ వచ్చేసినట్టే.

తరంగాలు

పద్ధతి ప్రతిసారీ ఒకటే. ప్రశాంతంగా ఉన్న ప్లాస్మాకు చిన్న కదలిక ఇవ్వండి, రెండు చిన్నవాటి లబ్ధాన్ని వదిలేయండి, ప్రతి చిన్న రాశినీ కాంప్లెక్స్ ఎక్స్‌పొనెన్షియల్‌గా రాయండి, కాలంతో అవకలనం మైనస్ ఐ ఒమేగా, స్థలంతో అవకలనం ఐ కె అయిపోతుంది, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు మామూలు ఆల్జీబ్రా అవుతాయి. చివర్లో ఫ్రీక్వెన్సీకీ వేవ్ నంబర్‌కీ మధ్య ఒక సంబంధం మిగులుతుంది, అదే డిస్పర్షన్ రిలేషన్. దీన్ని ముందు గాలిలో ధ్వనికి చేసి చూడండి, తర్వాత ప్లాస్మాలో వెలుగుకు. రెండోదాంట్లో ప్లాస్మా ఫ్రీక్వెన్సీ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న తరంగం లోపలికి పోలేక వెనక్కి తిరుగుతుందని తేలుతుంది. షార్ట్ వేవ్ రేడియో సముద్రాలు దాటి వినిపించేది అందుకే. 100 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉండే ఎఫ్ఎమ్‌కు మన 9 మెగాహెర్ట్జ్ పొర అడ్డే కాదు, దూసుకుపోతుంది.

ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ అర్థం కావాలి, పెద్ద ఇంటెగ్రళ్ళు అక్కర్లేదు. ఫేజ్ వెలాసిటీ కాంతి వేగాన్ని మించితే హడావిడి పడకుండా గ్రూప్ వెలాసిటీ చూడండి. కాంప్లెక్స్ ఎనాలిసిస్‌లో రెసిడ్యూ సిద్ధాంతం కోర్సు చివర్లో, 1946లో లాండౌ లెక్కించిన డ్యాంపింగ్ దగ్గర మాత్రమే కావాలి.

గాదంకి

తిరుపతి నుంచి పాకాల వైపు వెళ్తే గాదంకిలో నేషనల్ అట్మాస్ఫిరిక్ రీసెర్చ్ లేబొరేటరీ ఉంది. అక్కడి ఎమ్మెస్టీ (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్) రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఎకరాల నేల మీద 1024 యాగీ యాంటెన్నాలు, పీక్ పవర్ 2.5 మెగావాట్లు. మన ఇళ్ళ మీద ఒకప్పుడు దూరదర్శన్ కోసం పెట్టిన యాంటెన్నాలను పొలంలో నాటినట్టుంటుంది. దీన్ని ఊరికే చూసి రావడం వేరు, ప్రిపరేషన్‌లో లెక్కగా వాడుకోవడం వేరు. రెండు ప్రశ్నలు ఇస్తున్నా, ఇవి చెయ్యగలిగితే మీ కుర్చీ గట్టిదే.

ఒకటి. 53 మెగాహెర్ట్జ్ తరంగం 9 మెగాహెర్ట్జ్ ప్లాస్మాలోంచి దూసుకుపోవాలి కదా, మరి తిరిగి ఎలా వస్తోంది? ప్లాస్మా నున్నగా ఉంటే రాదు. సాంద్రతలో హెచ్చుతగ్గులు, తరంగదైర్ఘ్యంలో సగం దూరానికోసారి వరసగా ఉంటే, ఒక్కో దాన్నుంచి చెదిరిన కొద్దికొద్ది తరంగాలు కలిసి బలపడి తిరిగొస్తాయి. తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు, సగం 2.83. అంటే ఆ రాడార్ ప్లాస్మాలో దాదాపు 2.8 మీటర్ల ముడతలను చూస్తోంది. దీన్ని పైన మీరు వేసిన అయాన్ గైరో వ్యాసార్థంతో పోల్చి చూడండి.

రెండు. ఈ ముడతలు అయస్కాంత క్షేత్రం వెంట సాగి ఉంటాయి, ఎందుకంటే ఎలక్ట్రాన్లు రేఖల వెంట తేలిగ్గా పరుగెత్తి తేడాలను చెరిపేస్తాయి, అడ్డంగా పరుగెత్తలేవు. కాబట్టి రాడార్ కిరణం క్షేత్రానికి లంబంగా తగలాలి. మన దగ్గర క్షేత్రం ఉత్తరం వైపు పోతూ నేలలోకి సుమారు 13 డిగ్రీలు వంగి ఉంటుంది. మరి కిరణాన్ని నిటారు నుంచి ఎటు వైపు, ఎంత వంచాలి? కాగితం మీద రెండు బాణాలు గీస్తే జవాబు వస్తుంది: ఉత్తరానికి 13 డిగ్రీలు. అక్కడ అయనోస్ఫియర్ ముడతలను గమనించేటప్పుడు కిరణాన్ని పెట్టేది కూడా అటే. సాయంత్రం చీకటి పడ్డాక, కింది పొర ప్లాస్మా చెరిగిపోయి, బరువైన పొర తేలికైన దాని మీద నిలబడినట్టయి, రేలీ టేలర్ అస్థిరతతో కింది నుంచి బుడగలు పైకి లేస్తాయి. జీపీఎస్ సంకేతాలు తడబడేది అలాంటి రాత్రుల్లోనే. వెళ్ళాలనుకుంటే ఒక్కరే గేటు దగ్గర నిలబడకుండా డిపార్ట్‌మెంట్ తరఫున ఉత్తరం పెట్టించి, ముందుగా అనుమతి తీసుకోండి.

పుస్తకాలు, వీడియోలు, జిరాక్స్

పది పుస్తకాలు డౌన్‌లోడ్ చేసుకుని ఒక్కటీ తెరవని జబ్బు మనందరిదీ. ప్లాస్మాకు ఫ్రాన్సిస్ చెన్ రాసిన పరిచయ గ్రంథం చాలు. 1974లో మొదట వచ్చింది, ఇప్పటికీ మొదటిసారి చదివేవాళ్ళ చేతికి దాన్నే ఇస్తారు. విద్యుదయస్కాంతత్వానికి డిగ్రీలో అలవాటైన పుస్తకమే మళ్ళీ పట్టుకోండి, కొత్తది కొంటే అలవాటు పడటానికే నెల పోతుంది. ఎన్‌పీటీఈఎల్‌లో ప్లాస్మా ఫిజిక్స్ లెక్చర్లు ఉచితం, కానీ పెన్ను పట్టుకోకుండా చూస్తే సీరియల్ చూసినట్టే.

అమెరికా నేవల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్ళ ప్లాస్మా ఫార్ములరీ ఉచిత పీడీఎఫ్. అందులో ప్రాథమిక రాశుల పేజీలు మాత్రం యూనివర్సిటీ దగ్గర ఏదైనా షాపులో ప్రింట్ తీయించి గోడకు అంటించండి. ఒక జాగ్రత్త: అందులో చాలా సూత్రాలు సీజీఎస్ యూనిట్లలో, సాంద్రత ఘనపు సెంటీమీటరుకు, ఉష్ణోగ్రత ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటాయి. మన అంకెలు మీటర్లలో పెట్టేస్తే డెబై పొడవు పిచ్చి విలువ చూపిస్తుంది. నేను పైన ఇచ్చిన 7430, 9 అనే స్థిరాంకాలు మీటర్ల లెక్కకే.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు భౌతికశాస్త్రం కంటే ఆ ఇంగ్లిష్ వాక్యాలే ఎక్కువ అడ్డం పడతాయి. ఒక పేరా చదివి, పుస్తకం మూసి, రూమ్మేట్‌కు తెలుగులో చెప్పండి. వాడికి ఫిజిక్స్ రాకపోతే ఇంకా మంచిది, అడ్డదిడ్డం ప్రశ్నలడుగుతాడు.

ఆసక్తి నిలిస్తే గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్ ప్రకటనలు చూస్తూ ఉండండి. 1989 నుంచి ఆదిత్య టోకమాక్ నడిపింది వాళ్ళే, వేసవిలో విద్యార్థులకు కార్యక్రమాలు పెడుతుంటారు.

ఎప్పుడు ఆపి మొదలుపెట్టాలి

అన్నీ పూర్తిగా వచ్చాకే మొదలుపెడతానంటే ఎప్పటికీ మొదలుపెట్టరు. చెన్ పుస్తకంలో మొదటి అధ్యాయం పరిచయం, రెండోది ఒంటరి కణం, మూడోది ఫ్లూయిడ్, తరంగాలు నాలుగులో వస్తాయి, కైనెటిక్ థియరీ ఏడులో. కాబట్టి విద్యుదయస్కాంతత్వం, ఇ క్రాస్ బి డ్రిఫ్ట్, మూడు సంఖ్యలు అయిపోతే చాలు, క్లాసులో కూర్చోవచ్చు. ఫ్లూయిడ్స్ రెండో అధ్యాయం నడుస్తుండగా, ఫూరియే మూడో అధ్యాయం నడుస్తుండగా పక్కన చదువుకోండి. రెసిడ్యూ సిద్ధాంతానికి దసరా సెలవులున్నాయి.